ఉల్కల ఫొటోలో గంటలు ఎక్కడికి పోతున్నాయి?

డిసెంబరులో జెమినిడ్స్ ఉల్కాపాతం అయిపోయిన మర్నాటికల్లా ఫోన్‌లోకి ఒక ఫొటో వచ్చి తీరుతుంది. ఈసారీ వచ్చింది. కొండ మీద ఒంటరి చెట్టు, వెనక ఒక్కటీ కదలకుండా నిలిచిన నక్షత్రాలు, మిథునరాశి నుంచి నలువైపులకూ దూసుకొస్తున్న యాభై అరవై ఉల్కలు. పంపినవాళ్లు కింద ఒక మాట రాశారు: "నిన్న రాత్రి ఆకాశం ఇలా ఉంది."

నిన్న రాత్రి ఆకాశం అలా లేదు. నేను బయటే ఉన్నాను. ఒకసారి నిమిషంలో మూడు పడ్డాయి. ఆ తర్వాత చాలాసేపు ఒక్కటీ లేదు. మంచి రాత్రే, ఫిర్యాదేమీ లేదు. ఆ ఫొటో తీసినవాళ్లు కూడా అబద్ధమేమీ ఆడలేదు. అందులో ఉన్న ప్రతి గీతా నిజంగా పడిన ఉల్కే. రాత్రంతా వందల ఫ్రేములు తీసి, ఉల్క దొరికిన ఫ్రేములను ఏరి, నక్షత్రాలు ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చునేలా తిప్పి, అన్నిటినీ ఒకే ఆకాశం మీద అతికించారు. దీన్ని కాంపోజిట్ అంటారు. ఓపికా నైపుణ్యమూ లేకపోతే కుదిరే పని కాదు.

అయినా దాన్ని చూసినప్పుడల్లా నాకు ఇబ్బందిగానే ఉంటుంది. నేను ఇప్పటికీ ఉల్కాపాతాలను ఫిల్ము మీదే తీస్తాను. ఎందుకని అడిగినవాళ్లకు "ఇష్టం" అని చెప్పి ఊరుకునేవాణ్ణి. ఈ ఫొటో చూశాక, ఇష్టంతో పాటు ఇంకో కారణం ఉందనీ దాన్ని సరిగ్గా చెప్పాలనీ అనిపించింది. ఉల్కాపాతం అంటే కొన్ని గంటల్లో జరిగే విషయం. ఫొటోలో ఆ గంటలు కనిపించాలి. ఫిల్ము ఆ గంటలను దాచలేదు. నా వాదనంతా ఇదే. అయితే దీన్ని ఎంతవరకు సమర్థించుకోగలనో నాకే పూర్తిగా తెలియదు కాబట్టి, ఎదురయ్యే అభ్యంతరాలతో సహా రాస్తున్నాను.

ఒకే నెగటివ్‌లో మూడు కాలాలు

50 ఎంఎం లెన్సు, 400 స్పీడు నలుపు తెలుపు ఫిల్ము, అపెర్చర్ ఎఫ్/2. కెమెరాను ట్రైపాడ్ మీద బిగించి, షట్టర్‌ను బి లో (నొక్కి ఉంచినంతసేపూ తెరిచే ఉండే సెట్టింగులో) పెట్టి, కేబుల్ రిలీజ్‌తో పది నిమిషాలు తెరిచి ఉంచామనుకుందాం. ఆ పది నిమిషాల్లో ఒక ఉల్క పడింది. ఆ నెగటివ్ మీద ఏం జరిగిందో కొంచెం లెక్క వేసి చూడండి.

ఉల్క ఆకాశంలో సెకనుకు 20 డిగ్రీలు కదిలిందంటే, ఫిల్ము మీద దాని బింబం సెకనుకు దాదాపు 17 మిల్లీమీటర్లు పరిగెత్తుతుంది. ఆ బింబం వెడల్పు మిల్లీమీటరులో నూటికి మూడు వంతులు ఉంటుందేమో. అంటే ఫిల్ము మీద ఏ ఒక్క చోటైనా ఉల్క వెలుగు పడేది సెకనులో ఐదారు వందలవ వంతు మాత్రమే. నక్షత్రం సంగతి వేరు. భూమి తిరుగుతుంది కాబట్టి అదీ జరుగుతుంది, కానీ చాలా నెమ్మదిగా. ఖగోళ మధ్యరేఖ దగ్గర ఉన్న నక్షత్రం ఫిల్ము మీద అదే చోటును దాటడానికి ఎనిమిది సెకన్లు తీసుకుంటుంది. ఇక ఆకాశపు మసక వెలుగు ఎక్కడికీ పోదు. పది నిమిషాలూ ఫిల్ములోని ప్రతి రేణువు మీదా పడుతూనే ఉంటుంది.

సెకనులో ఆరు వందలవ వంతు, ఎనిమిది సెకన్లు, పది నిమిషాలు. మూడు వేర్వేరు కాలాలు ఒకే చోట అచ్చయ్యాయి. ఉల్కలు తీయడం మొదలుపెట్టిన చాలామందికి అర్థం కాని విషయం ఇక్కడే తేలిపోతుంది. షట్టర్‌ను ఇంకో పది నిమిషాలు తెరిచి ఉంచితే ఉల్క గీత రవ్వంత కూడా చిక్కబడదు. చిక్కబడేది ఆకాశం ఒక్కటే. ఎక్కువసేపు తెరవడం వల్ల లాభం ఏమిటంటే, ఆ ఫ్రేములో ఉల్క పడే అవకాశం పెరుగుతుంది, అంతే.

ఫిల్ముకు ఉన్న ఒక లోపం ఇక్కడ వరమవుతుంది. వెలుగు చాలా తక్కువగా, చాలాసేపు పడితే ఫిల్ము లెక్క ప్రకారం స్పందించదు. దాన్నే రెసిప్రాసిటీ ఫెయిల్యూర్ అంటారు. నల్లబిలాల వ్యాసార్థానికి పేరిచ్చిన కార్ల్ ష్వార్జ్‌షీల్డ్ అంతకు ముందే, పందొమ్మిదో శతాబ్దం ముగుస్తున్న రోజుల్లో నక్షత్రాల ప్రకాశాన్ని ఫొటో పలకల మీద కొలుస్తూ దీనికి సూత్రం కట్టాడు. కొడాక్ తన ట్రై-ఎక్స్ ఫిల్ముకు ఇచ్చిన పాత పట్టిక చూడండి: వెలుగు కొలిచే మీటరు 100 సెకన్లు అంటే 1200 సెకన్లు ఇవ్వమంటుంది. తోకచుక్కలూ నెబ్యులాలూ తీసేవాళ్లకు ఇది పెద్ద తలనొప్పి. ఫిల్మును హైడ్రోజన్ కలిసిన వాయువులో నానబెట్టి మరీ ఈ లోపాన్ని తగ్గించుకునేవాళ్లు. ఉల్కలు తీసేవాళ్లకు మాత్రం వ్యవహారం తలకిందులు. సెకనులో ఆరు వందలవ వంతు వెలిగే ఉల్కకు ఫిల్ము పూర్తి స్పీడు ఇస్తుంది. పది నిమిషాలు పడే ఆకాశపు మసకకు అందులో కొంతే ఇస్తుంది. వెనకటి ఆకాశం దానంతట అది వెనక్కి తగ్గి ఉల్కను ముందుకు తోస్తుంది. ఉల్కల కోసమే కనిపెట్టారా అన్నంతగా కుదిరింది. పాత ట్రై-ఎక్స్‌నో హెచ్‌పి5నో వదిలి, రెండు నిమిషాల వరకు సవరణే అక్కర్లేని ఆక్రోస్ లాంటి ఫిల్మును ఈ పనికి నేను ఎంచుకోను. దాని స్పీడు 100 మాత్రమే కావడం ఇంకో కారణం.

ఇప్పుడు ఆ నెగటివ్‌ను చేతిలోకి తీసుకుందాం. నక్షత్రాలు చిన్న చిన్న చాపాలుగా పడ్డాయి. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి పది నిమిషాలకు రెండున్నర డిగ్రీలు. స్కేలు పెట్టి కొలిస్తే షట్టర్ ఎంతసేపు తెరిచి ఉందో ఎవరైనా చెప్పేయవచ్చు. నా మాట నమ్మక్కర్లేదు, ఫొటోలోనే గడియారం ఉంది. ఈ పది నిమిషాల్లో ఒక్క ఉల్క పడిందన్న సంగతి ఆ బొమ్మే చెబుతుంది.

కాంపోజిట్‌లో చెరిపేసేది సరిగ్గా ఈ గడియారాన్నే. నక్షత్రాలు పదిహేను ఇరవై సెకన్ల ఫ్రేములోవి, ఉల్కలు ఏడెనిమిది గంటలవి. నక్షత్రాలు కదల్లేదు కాబట్టి చూసేవాడి కంటికి అదంతా ఒక్క క్షణంలా కనిపిస్తుంది.

శాస్త్రవేత్తలు గడియారాన్ని ఏం చేశారు

ఉల్క మొదటిసారి ఫొటోకు చిక్కింది 1885 నవంబరు 27న, ప్రేగ్‌లో. తీసినవాడు లాడిస్లావుస్ వైనెక్. బీలా తోకచుక్క ముక్కలై పోయాక, దాని శిథిలాల గుండా భూమి వెళ్లిన రాత్రి అది. ఉల్కలు కుప్పలు తెప్పలుగా పడిన రాత్రి కాబట్టి అప్పటి మందకొడి పలక మీద కూడా ఒకటి పడింది. 1890లలో యేల్‌లో విలియం ఎల్కిన్ కెమెరాల ముందు ఒక చక్రాన్ని తిప్పాడు. చక్రం మీది అడ్డుపలకలు వెలుగును సెకనుకు కొన్నిసార్లు కత్తిరించేవి. దాంతో ఉల్క గీత తెగి తెగి, చిన్న ముక్కలుగా పడేది. ఒక్కో ముక్కకు పట్టిన కాలం తెలుసు కాబట్టి ఉల్క వేగం లెక్కకు వచ్చేది. 1936 నుంచి హార్వర్డ్‌లో ఫ్రెడ్ విపుల్ రెండు దూరపు చోట్ల నుంచి ఒకే ఉల్కను తీయించి ఎత్తునూ కక్ష్యనూ కట్టాడు. 1959 ఏప్రిల్ 7న చెకోస్లోవేకియాలో ప్రీబ్రామ్ దగ్గర పడిన రాళ్లు ఆ పద్ధతికి దక్కిన గొప్ప ఫలితం. కెమెరాలు ముందు ఉల్కను పట్టాయి, తర్వాత నేల మీద రాళ్లు దొరికాయి, ఆ రాయి సూర్యుడి చుట్టూ ఏ దారిలో తిరిగి వచ్చిందో జ్డెనెక్ సెప్లెఖా లెక్కకట్టాడు. కక్ష్య ఫొటోల ద్వారా తెలిసిన మొదటి ఉల్కాశిల అదే.

ఈ చరిత్రలో నన్ను ఆకట్టుకునేది ఒకటే. గాజు పలక మీదా ఫిల్ము మీదా పనిచేసిన ఇంతమందీ ఫొటోలోంచి కాలాన్ని తీసేయాలని చూడలేదు. ఉన్న గడియారం చాలక ఇంకొకటి జోడించారు. ఎందుకంటే స్థిరంగా నిలబెట్టిన కెమెరాకు ఒక పెద్ద లోటు ఉంది. ఎక్స్‌పోజర్ ఎంతసేపో చాపాలు చెబుతాయి. ఆ సేపట్లో ఉల్క ఎప్పుడు పడిందో చెప్పవు. అందుకు వాళ్లు పట్టిన ఉపాయం ఎంతో అందంగా ఉంటుంది. ఒక కెమెరాను కదలకుండా, ఇంకోదాన్ని నక్షత్రాలతో పాటు తిరిగేలా పెడతారు. రెండు నెగటివ్‌లలోనూ నక్షత్రాల మధ్య ఉల్క ఎక్కడుందో పోల్చితే, అది పడ్డ క్షణానికి భూమి ఎంత తిరిగిందో, అంటే సమయం ఎంతయిందో తేలుతుంది.

మోద్ర ఫొటో అడిగే ప్రశ్న

నా వాదనకు నాకు తెలిసిన గట్టి అభ్యంతరం 1998 నాటి ఒక ఫిల్ము ఫొటోయే. ఆ ఏడాది నవంబరు 16-17 రాత్రి లియోనిడ్స్ ఉల్కలు అనుకున్న సమయానికి ముందే విరుచుకుపడ్డాయి. మామూలు ఉల్కలు కావు, వరసగా అగ్నిగోళాలు. స్లొవేకియాలోని మోద్ర అబ్జర్వేటరీలో ఫిష్‌ఐ లెన్సుతో ఆకాశమంతా పట్టేలా దాదాపు నాలుగు గంటలు ఒకే ఫ్రేమును తెరిచి ఉంచారు. అందులో 150కి పైగా ఉల్కలు పడ్డాయి. చూస్తే ఇప్పటి కాంపోజిట్‌లాగే ఉంటుంది. సింహరాశి నుంచి అన్ని దిక్కులకూ గీతలు. తెలియనివాళ్లకు చూపిస్తే వాళ్లూ "ఒకేసారి అన్ని పడ్డాయా!" అనే అంటారు.

మరి దీనికీ ఫోన్‌లో వచ్చిన ఫొటోకూ తేడా ఏమిటి? రెండూ గంటలను ఒక బొమ్మలోకి కుదించినవే కదా? దీని గురించి చాలా ఆలోచించాను. కదలకుండా పెట్టిన కెమెరాతో అంతసేపు ఒకే ఫ్రేము తీస్తే నక్షత్రాలు పొడవాటి చాపాలవుతాయి. నాలుగు గంటలంటే అరవై డిగ్రీలు. ధ్రువ నక్షత్రం చుట్టూ ఆకాశం వృత్తంలో ఆరోవంతు తిరిగినట్లు కళ్లముందు కనిపిస్తుంది. కుదించడం కుదిస్తాం, కుదించామన్న సాక్ష్యం మాత్రం అందులోనే మిగులుతుంది. ఇంకో సంగతి: భూమి తిరిగే కొద్దీ సింహరాశి కూడా ఆకాశంలో జరుగుతుంది, దాంతో ఉల్కలు వచ్చే బిందువు కూడా జరుగుతుంది. కాబట్టి అలాంటి ఫొటోలో గీతలన్నిటినీ వెనక్కి పొడిగిస్తే ఒకే చుక్క దగ్గర కలవవు. కాంపోజిట్‌లో చక్కగా కలుస్తాయి, అలా కలిసేలా తిప్పారు కాబట్టి.

ఇదంతా చదవడం వచ్చినవాళ్లకే కదా అంటే, అవును. చాపాలు చూసి గంటలు లెక్కపెట్టడం అందరికీ రాదు. కానీ ఒకసారి చెబితే పదేళ్ల పిల్లలకు కూడా వస్తుంది, జీవితాంతం గుర్తుంటుంది. కాంపోజిట్‌ను మాత్రం ఎంత తెలిసినవాళ్లయినా చదవలేరు. చదవడానికి అందులో ఏమీ మిగల్చలేదు.

ఆకాశం నిజంగా అలా ఉన్న రాత్రులూ ఉన్నాయి, ఒప్పుకోవాలి. 1833 నవంబరులో లియోనిడ్స్ తుఫాను కురిసినప్పుడు కెమెరాలే లేవు. ఆ రాత్రి గురించి అందరూ చూపించే చెక్కుడు బొమ్మ యాభై ఏళ్లకు పైగా గడిచాక, 1889లో అచ్చయింది. 1966 నవంబరు 17 తెల్లవారుజామున పశ్చిమ అమెరికాలో చూసినవాళ్లు నిమిషానికి వేలల్లో పడ్డాయని అంచనా వేశారు. ఆ రాత్రి ముందు ఇప్పటి ఏ కాంపోజిట్ అయినా తక్కువే. ఏటా వచ్చే మామూలు పెర్సీడ్స్ ఉల్కాపాతానికీ ఇదే వేషం వేస్తే, 1966 లాంటి రాత్రి మళ్లీ వచ్చినప్పుడు దాని గొప్పతనాన్ని దేనితో చూపిస్తాం?

ఫిల్ము దాచిపెట్టేవి

ఫిల్ము మొత్తం నిజం చెబుతుందని నేను అనడం లేదు. అది వేరే వైపు తప్పుతుంది. కంటికి యాభై ఉల్కలు కనిపించిన రాత్రి నెగటివ్ మీద రెండు మూడు దొరికితే గొప్ప. ఇందాకటి లెక్కలోనే కారణం ఉంది. సెకనులో ఆరు వందలవ వంతులో 400 ఫిల్మును నల్లబరచాలంటే ఉల్క కపెల్లా, రైజెల్ లాంటి పెద్ద నక్షత్రాలంత ప్రకాశంగా ఉండాలి. మనం చూసే ఉల్కల్లో ఎక్కువ భాగం అంతకంటే చాలా మసక. సెకనుకు 71 కిలోమీటర్ల వేగంతో వచ్చే లియోనిడ్‌ కంటే 35 కిలోమీటర్లతో వచ్చే జెమినిడ్ అంతే ప్రకాశంలో చిక్కగా పడుతుంది. నెమ్మదిగా కదులుతుంది కాబట్టి ఒక్కో చోట ఎక్కువసేపు ఉంటుంది. అందుకే ఫిల్ముతో మొదలుపెట్టేవాళ్లను నేను ముందు జెమినిడ్స్‌కే వెళ్లమంటాను.

కాబట్టి "ఫిల్ము తక్కువ చూపిస్తుంది, కాంపోజిట్ ఎక్కువ చూపిస్తుంది, రెండూ అబద్ధాలే" అని ఎవరైనా అంటే నా దగ్గర సగం జవాబే ఉంది. తక్కువ చూపించడం పరికరం పరిమితి. దాన్ని ఎవరూ ఎంచుకోలేదు. ఎంత తక్కువో కూడా లెక్కకట్టవచ్చు. మిగతా సగం జవాబు నోటుబుక్కు, దాని దగ్గరికి వస్తాను.

ఇంకో ఇబ్బంది దీనికంటే పెద్దది. నెగటివ్ మీద ఉన్న గీత ఉల్కే అని ఎలా తెలుస్తుంది? విమానం సులువు, దీపాలు చుక్కలు చుక్కలుగా పడతాయి. మామూలు ఉపగ్రహం ఒకే మందంతో ఫ్రేము ఈ చివర నుంచి ఆ చివరకు పోతుంది. ఉల్క సన్నగా మొదలై, మధ్యలో ఉబ్బి, చాలాసార్లు చివర ఒక మెరుపుతో ముగుస్తుంది. ఫిల్ము పొడవునా తిన్నగా ఉంటే అది గీరు. కానీ 1990ల చివర నుంచి ఇరవై ఏళ్ల పాటు ఇరిడియం ఉపగ్రహాలు ఉండేవి. వాటి అద్దాల్లాంటి యాంటెన్నాల మీద ఎండ తగిలి, కొన్ని సెకన్ల పాటు నెమ్మదిగా మెరిసి ఆరిపోయేవి. నెగటివ్ మీద అది అచ్చం ఉల్కే. సన్నని మొదలు, ఉబ్బిన మధ్య, సన్నని చివర. కంటితో చూసినవాడు ఎన్నడూ పొరబడడు, వేగమే వేరు. ఫిల్ము వేగాన్ని రాసుకోదు. ఇప్పుడు ఉపగ్రహాలు వేలల్లో పెరిగాక సాయంత్రం, వేకువ ఎక్స్‌పోజర్లలో గీత లేని ఫ్రేము దొరకడమే కష్టమవుతోంది. నాకు నిజంగా బెంగ కలిగించేది ఇదే. పది నిమిషాల ఫ్రేములో పడ్డ ఉపగ్రహాన్ని విడదీయలేం.

ల్యాబుల సంగతి కూడా చెప్పాలి. ఒక రాత్రి తీసిన రోలును ఒక ల్యాబుకు ఇస్తే, "రోలంతా ఖాళీ సార్, ఏమీ పడలేదు" అని స్కాన్ చేయకుండానే తిరిగి ఇచ్చారు. ఇంటికి తెచ్చి లైట్ టేబుల్ మీద లూప్ (చిన్న భూతద్దం) పెట్టి చూస్తే చాపాలన్నీ ఉన్నాయి, ఒక మూల వెంట్రుకంత నల్లటి గీత కూడా ఉంది. అది ఆ రాత్రి అందరం కేక పెట్టిన ఉల్క. అయితే నెగటివ్‌ను ఆరేసి ముక్కలుగా కత్తిరించేటప్పుడు మిషనుకు ఫ్రేము అంచులు దొరకలేదు. చీకటి ఆకాశానికి అంచేది? ఒక కోత నేరుగా ఇంకో ఉల్క నడుమ నుంచి వెళ్లింది. అప్పటినుంచి ప్రతి రోలులోనూ మొదటి ఫ్రేమును పగటి వెలుగులో తీస్తున్నాను, కోతకు ఆనవాలు దొరికేలా. "కత్తిరించవద్దు" అని డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసి ఇస్తున్నాను. నలుపు తెలుపు అయితే నేనే డెవలప్ చేసుకుంటున్నాను.

"ఇదంతా డిజిటల్‌తోనూ చేయొచ్చు కదా"

నా స్నేహితుడు ఒకడు డిజిటల్‌లో ఉల్కలు తీస్తాడు, బాగా తీస్తాడు. వాడితో ఈ మాటే అంటే నవ్వి, "నువ్వు అడిగేది ఫిల్మును కాదురా, అలైన్ చేయకపోవడాన్ని. నేనూ నక్షత్రాలను తిప్పకుండా ఫ్రేములన్నీ ఒకదానిమీద ఒకటి వేస్తే నీ చాపాలే వస్తాయి. పైగా నా ప్రతి ఫ్రేము మీదా సెకనుతో సహా టైము ఉంటుంది. నీ నెగటివ్ మీద ఏముంది?" అన్నాడు.

వాడి మాట నిజం. ఇంకా చెప్పాలంటే అసలు మంచి గడియారం వాడి దగ్గరే ఉంది. సెప్లెఖా రెండు కెమెరాలు పెట్టి సాధించిన దాన్ని వాడి కెమెరా ఊరికే రాసి పెడుతోంది. శాస్త్రవేత్తలు ఫిల్మును వదిలి వీడియోకూ డిజిటల్‌కూ మారడం సరైన పనే. వాళ్లకు ఇప్పుడు రాయి పడిన కొద్ది రోజుల్లోనే ఎక్కడ వెతకాలో తెలుస్తోంది. కాబట్టి నా వాదన రసాయనాల గురించి కాదు. అంత మంచి గడియారం చేతిలో ఉండి, చివరికి జనం చూసే బొమ్మలోంచి దాన్ని తీసిపారేయడం గురించి.

అలాంటప్పుడు నేనెందుకు ఫిల్ము పట్టుకుని ఉన్నాను? రెసిప్రాసిటీ సంగతి చెప్పాను. దానికంటే నాకు ముఖ్యమైంది చీకటి. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి అరగంట దాకా పడుతుంది. ఒక్కసారి తెర వెలుగు చూస్తే మళ్లీ మొదటి నుంచి ఎదురుచూడాలి. డిజిటల్ కెమెరా పక్కన నిలబడ్డవాళ్లను గమనించాను. పెద్ద ఉల్క పడగానే అందరి తలలూ కిందికి వంగుతాయి. "పడిందా? ఫ్రేములో ఉందా?" వెనక ఇంకో రెండు మసక ఉల్కలు పడిపోతాయి, వాళ్లకు తెలియదు. ఫిల్ము కెమెరాలో చూడడానికి ఏమీ లేదు. తల ఎక్కడుండాలో అక్కడే ఉంటుంది.

అందుకే నా దగ్గర నోటుబుక్కు ఉంటుంది, మసక ఎర్ర లైటుతో. షట్టర్ తెరిచిన సమయం, మూసిన సమయం, మధ్యలో చూసిన ప్రతి ఉల్కా: గంట, నిమిషం, ఏ నక్షత్రం దగ్గర మొదలైంది, ఎటు పోయింది, ఎంత ప్రకాశం, జాడ వదిలిందా. ఫిల్ము చెప్పలేని వేగాన్నీ సమయాన్నీ కన్ను చెబుతుంది. కన్ను గుర్తుంచుకోలేని కచ్చితమైన చోటును ఫిల్ము చెబుతుంది. డెవలప్ చేశాక రెండిటినీ పక్కపక్కన పెట్టి జత కలపడం నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన భాగం. "2.17, కపెల్లా కింద, పసుపు, చాలా నెమ్మది" అని రాసుకున్న దానికి నెగటివ్‌లో గీత దొరికినప్పుడు ఆ ఉల్క నాకు రెండుసార్లు పడినట్లు ఉంటుంది. రాసుకోని గీత దొరికితే దాని పక్కన ప్రశ్నార్థకం పెడతాను. అలాంటి దాన్ని ఉల్క అని ఎవరికీ చూపించను.

మిగతా ఏర్పాట్లు పెద్దగా ఏమీ లేవు. పాత మెకానికల్ కెమెరా అయితే బి లో బ్యాటరీ అక్కర్లేదు. కెనాన్ ఏఈ-1 లాంటి వాటిలో షట్టర్ తెరిచి ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతుంది, చలి రాత్రి మధ్యలోనే చేతులెత్తేస్తాయి. కెమెరాను ఉల్కలు వచ్చే బిందువు మీదికే గురిపెట్టకూడదు. అక్కడ గీతలు పొట్టిగా ఉంటాయి. దానికి నలభై యాభై డిగ్రీల పక్కగా పెట్టాలి. మంచు కురిస్తే లెన్సు చుట్టూ వెచ్చని గుడ్డో హీటరో కట్టాలి. గాలి చల్లగా పొడిగా ఉంటే ఫిల్మును జరిపే లీవరును మెల్లగా తిప్పాలి. వేగంగా తిప్పితే స్థిర విద్యుత్తు మెరిసి నెగటివ్ మీద కొమ్మలు కొమ్మలుగా మచ్చలు పడతాయి. 36 ఫ్రేముల రోలును పదేసి నిమిషాల చొప్పున తీస్తే ఆరు గంటలు. డిసెంబరు రాత్రికి అదే సరిపోతుంది.

చూసేవాళ్ల వైపు నుంచి

ఇంత పట్టుదల ఎందుకంటే, నా మేనకోడలి ముఖం చూశాను కాబట్టి. ఇలాంటి ఫొటోలు చూసి, గంటకు నూట యాభై అని ఎక్కడో చదివి, ఎంతో ఆశతో నాతో వచ్చింది. పది నిమిషాలయ్యాక, "నూట యాభై అన్నారుగా మావయ్యా, ఏవీ?" అంది. ఆ అంకె ఉల్కలు వచ్చే బిందువు నడినెత్తిన ఉండి, 6.5 మ్యాగ్నిట్యూడ్ దాకా, అంటే కంటికి అందే అతి మసక నక్షత్రాల దాకా కనిపించే ఆకాశానికి కట్టిన లెక్క అని చెప్పాను. ఆమెకు అది సాకులా వినిపించింది. తర్వాత ఒక మంచి ఉల్క పడింది, చూసింది, "ఒక్కటేనా?" అంది. ఆ ఒక్కదాన్ని చూసి మా తరం పిల్లలు ఎగిరి గంతేసేవాళ్లు. ఆమెలో లోటేమీ లేదు. ఆమెకు ముందే చూపించిన ఆకాశంలో యాభై ఉన్నాయి.

మరో రోజు ఆమెకు నా నెగటివ్ ఒకటి లూప్‌తో చూపించాను. చాపాలు ఏమిటో చెప్పాను. వేలితో కొలిచి, "అయితే ఇంతసేపట్లో ఒకటన్నమాట" అని తనే అంది. నూట యాభైకీ ఒకటికీ మధ్య ఏముందో ఆమెకు ఆ మాటతో తెలిసింది. ఎదురుచూపు ఎంతసేపో ముందే తెలిస్తే, ఎదురుచూడడం నిరాశగా ఉండదు.

కాంపోజిట్లు చేయవద్దని నేను అనను. ఉల్కలన్నీ ఒకే దిక్కు నుంచి వస్తాయని చూపించడానికి అంతకంటే మంచి బొమ్మ లేదు. కానీ వాటి కింద మూడు ముక్కలు రాయమని అడుగుతాను: ఎన్ని గంటల ఫ్రేములు, ఎన్ని ఫ్రేముల్లో ఉల్కలు దొరికాయి, పక్కన నిలబడ్డ మనిషికి గంటకు ఎన్ని కనిపించాయి. నా ప్రింట్ల వెనక నేను రాసేవీ దాదాపు ఇవే. షట్టర్ తెరిచింది, మూసింది, నోటుబుక్కులో ఎన్ని, నెగటివ్ మీద ఎన్ని. ఒక రాత్రి ఎలా ఉందో అంచనా కట్టుకోవడానికి ఆ నాలుగు అంకెలు చాలు.

నా స్నేహితుడు ఈ మూడు ముక్కలకు ఒప్పుకున్నాడు. చాపాల ఫొటోను ఎవరూ ఇష్టపడరన్నది మాత్రం వాడు ఇంకా వదలని మాట. వచ్చే జెమినిడ్స్‌కు ఇద్దరం కెమెరాలను ఒకే స్టాండు మీద, ఒకే వైపుకు పెట్టాలని అనుకున్నాం. వాడి ఫ్రేముల మీద ఉండే టైముతో నా నెగటివ్‌లోని ప్రశ్నార్థకాలు తేలతాయి, ఏది ఉల్క, ఏది ఉపగ్రహం అన్నది. నా ఒక్క గీతకు వాడికి ఎన్ని పడతాయో కూడా తెలుస్తుంది. తేలాల్సింది లెన్సు ఒక్కటే. ఆకాశం ఎక్కువ పడుతుంది కాబట్టి 24 అంటాడు వాడు. ఎఫ్/2 దగ్గర 50 ఎంఎం లెన్సు గాజు పెద్దది, ఇంకాస్త మసక ఉల్కలు కూడా ఫిల్ము మీద పడతాయి కాబట్టి 50 అంటున్నాను నేను.